క్లా మెషిన్‌లో బొమ్మ పట్టాలంటే: ముందు చూపు, తర్వాతే చెయ్యి

మా మావయ్య విశాఖ పోర్టులో గ్రాబ్ క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఓడ పొట్టలోంచి బొగ్గు తీసి ఒడ్డున పోసే క్రేన్ అది. తాళ్ళ చివర పెద్ద ఇనుప దోసిలి వేలాడుతుంది. తెరుచుకుని దిగుతుంది, మూసుకుని లేస్తుంది. నాలుగేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో మా పాపతో పాటు ఆయన్ని కూడా ఓ మాల్‌లో గేమ్ జోన్‌కి తీసుకెళ్ళాను. టెడ్డీ బొమ్మల గాజు పెట్టె దగ్గర పాప ఆగిపోయింది. లోపల వేలాడే పంజాని బయటి నుంచి కదిపి బొమ్మని పట్టుకునే ఆట అది, దాన్నే క్లా మెషిన్ అంటారు. నేను ఆటకి డబ్బు కట్టే కార్డు తీశాను. మావయ్య నా చెయ్యి పట్టుకుని ఆపారు. పావుగంట పక్కన నిలబడి వేరేవాళ్ళు ఆడుతుంటే చూశారు. ఆరుగురు ఆడి వెళ్ళాక అన్నారు: "ఈ పెట్టి వద్దమ్మా. ఎత్తుతాది గానీ మోయదు. ఆ మూలది చూడు, అది మోస్తాది."

మూలనున్న పెట్టెలో మూడో ఆటకి పాప చేతికి కుందేలు వచ్చింది. ఆ రోజు నుంచి నేను ఈ ఆటని మావయ్య కళ్ళతో చూడ్డం నేర్చుకున్నాను. విశాఖలో బీచ్ రోడ్డు, జగదాంబ, మద్దిలపాలెం, గాజువాక, ఎక్కడ గేమ్ జోన్‌కి వెళ్ళినా ముందు నిలబడతాను, తర్వాతే కార్డు గీకుతాను. నాకు తెలిసిందంతా ఇక్కడ వరుసగా చెబుతున్నాను. వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని నా ఆశ.

ముందు ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

గాజు పెట్టె పైకప్పు కింద రెండు పట్టాలుంటాయి. వాటి మీద ఒక అడ్డ కమ్మీ ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఆ కమ్మీ మీద చిన్న బండి కుడికీ ఎడమకీ కదులుతుంది. పోర్టులో కంటైనర్లు ఎత్తే పెద్ద క్రేన్లని ఎప్పుడైనా దూరం నుంచి చూసుంటే, ఇది వాటి బుల్లి రూపమని వెంటనే గుర్తుపడతారు. బండి నుంచి తాడు, తాడు చివర పంజా. పంజాకి సాధారణంగా మూడు వేళ్ళు ఉంటాయి.

అసలు విషయం పంజా పైన ఉండే డబ్బాలో ఉంది. అందులో రాగి తీగ చుట్ట, మధ్యలో ఇనుప కడ్డీ ఉంటాయి. చుట్టలోకి కరెంటు వస్తే అది అయస్కాంతమై కడ్డీని పైకి లాగుతుంది. కడ్డీ లేస్తే వేళ్ళు మూసుకుంటాయి. కరెంటు ఎక్కువిస్తే పట్టు గట్టిగా, తక్కువిస్తే మెత్తగా ఉంటుంది. ఎంత ఇవ్వాలో జాయ్‌స్టిక్ (పంజాని కదిపే పుల్ల) పట్టుకున్న మీ చేతిలో లేదు, లోపలున్న సర్క్యూట్ బోర్డులో ఉంది. యజమాని ఆ బోర్డులో రెండు మూడు అంకెలు పెట్టుకుంటాడు. బొమ్మని పట్టేటప్పుడు ఎంత బలం, పైకి లేచాక ఎంత, బొమ్మ బయటికి పడే కన్నం దాకా మోసేటప్పుడు ఎంత అని. చాలా పెట్టెల్లో మొదటిది ఎక్కువగా, తర్వాతవి తక్కువగా పెడతారు. బొమ్మ జానెడు లేచి, పైకి చేరగానే జారిపోయేది అందుకే. తాడు పైకి పూర్తిగా చుట్టుకుని ఠక్కుమని ఆగినప్పుడు ఒక కుదుపు వస్తుంది. సరిగ్గా అప్పుడే పట్టు కూడా సడలుతుంది. బొమ్మలు ఎక్కువగా జారేది అక్కడే. మావయ్య "ఎత్తుతాది గానీ మోయదు" అన్నది దీని గురించే. లోపలి బోర్డు సంగతి ఆయనకి తెలియదు. బరువు ఏ క్షణంలో జారుతుందో చూడ్డం అలవాటైన కళ్ళు ఆయనవి, అంతే.

ఇంకో మాట కూడా తెలియాలి. చాలా బోర్డుల్లో ఇన్ని ఆటలకి ఒకసారి బొమ్మ వెళ్ళాలని లెక్క పెట్టే వీలుంటుంది. యజమాని వైపు నుంచి ఆ లెక్క ఇలా నడుస్తుంది. ఆట 50 రూపాయలు, బొమ్మ అతనికి పడింది 200 అనుకుందాం. వచ్చిన డబ్బులో సగం బొమ్మలకి, మిగతా సగం అద్దెకీ కరెంటుకీ జీతాలకీ లాభానికీ అనుకుంటే, 400 వసూలయ్యాక ఒక బొమ్మ వెళ్ళొచ్చు. అంటే 8 ఆటలకి ఒకటి. అలా సెట్ చేసిన పెట్టెలో మిగతా ఏడు ఆటల్లో పట్టు సడలుతుంది, ఒక ఆటలో మాత్రం కన్నం దాకా గట్టిగా ఉంటుంది. ఆ గట్టి ఆట వచ్చినా పంజాని తప్పు చోట దించితే బొమ్మ రాదు. అందుకే ఇది పూర్తిగా అదృష్టమూ కాదు, పూర్తిగా నైపుణ్యమూ కాదు. బలం పెట్టెది, గురి మీది. లెక్కతో పనిలేకుండా ప్రతి ఆటకీ ఒకే బలం ఇచ్చే పెట్టెలూ ఉంటాయి. మనం వెతకాల్సింది వాటినే.

ఈ ఆట పుట్టుక కూడా తవ్వే యంత్రాలతో ముడిపడినదే. 1914లో పనామా కాలువ తెరుచుకుంది. దాన్ని తవ్విన ఆవిరి యంత్రాలంటే అప్పట్లో జనానికి ఎంతో ఆశ్చర్యం. వాటి బుల్లి నమూనాలు అమెరికా సంతల్లో ఆటగా వచ్చాయి. అందుకే వాటికి 'డిగ్గర్' అనే పేరు. వాటిలో బాగా పేరు తెచ్చుకున్న మయామీ డిగ్గర్‌కి 1932లో పేటెంట్ ఇచ్చారు. మరుసటి ఏడాది, 1933లో, మన విశాఖ పోర్టు మొదలైంది. ఈ సంగతి చెప్పినప్పుడు మావయ్య ముఖం వెలిగిపోయింది. తర్వాత 1951లో అమెరికా చట్టం ఈ పెట్టెల్ని జూదపు యంత్రాల్లో కలిపింది, దాంతో ఏళ్ళ తరబడి అక్కడ వాటి వ్యాపారం దెబ్బతింది. 1985లో జపాన్‌లో సెగా కంపెనీ 'యూఎఫ్ఓ క్యాచర్' తెచ్చాక మెత్తటి బొమ్మలతో ఈ ఆటకి కొత్త ప్రాణం వచ్చింది. ఇవాళ మనం చూసే టెడ్డీ పెట్టెలన్నీ ఆ దారిలో వచ్చినవే.

కార్డు గీకకముందు

ఇక్కడే ఎక్కువ సేపు ఉండమంటాను. ఈ పది నిమిషాలకి రూపాయి ఖర్చు లేదు, మిగతా ఆటంతా దీని మీదే నిలబడుతుంది.

శని, ఆదివారాల్లో సాయంత్రం వెళితే ప్రతి పెట్టె ముందూ ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు. వాళ్ళ వెనక కాకుండా పక్క గాజు వైపు నిలబడండి. వాళ్ళ మొహాలు కాదు, పంజా వేళ్ళు చూడండి. వేళ్ళు మూసుకున్నప్పుడు బొమ్మ గుడ్డ లోపలికి నొక్కుకుపోయిందా, లేక వేళ్ళు పైపైన తడిమి వచ్చేశాయా? నొక్కుకుపోతే పట్టేటప్పుడు బలం ఉన్నట్టు. తర్వాత పంజా పైకి చేరి ఆగే క్షణం చూడండి. ఆ కుదుపుకి వేళ్ళు కొంచెం విచ్చుకున్నట్టు కనిపిస్తే మోసే బలం తగ్గించి పెట్టారన్నమాట. అలాంటి పెట్టెలో నాలుగైదు ఆటలు వరసగా అక్కడే జారితే వదిలేసి పక్కదానికి వెళ్ళండి. అలా కాకుండా బొమ్మ సగం దారి వచ్చి జారిందంటే ఆ పెట్టెలో ఆశ ఉంది. కన్నం అంచుకి తగిలి వెనక్కి పడిందంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ బొమ్మ ఇప్పుడు కన్నం పక్కనే కూర్చుంది.

ఖాళీ పంజాని కూడా గమనించండి. ఎవరైనా గురి తప్పి ఏమీ పట్టుకోకపోయినా పంజా కన్నం దాకా వెళ్ళి తెరుచుకుంటుంది. దారిలో వేళ్ళు ఎంత బిగుతుగా ఉన్నాయో, ఎక్కడ వదులయ్యాయో బొమ్మ అడ్డం లేకుండా అప్పుడే బాగా కనిపిస్తుంది. తాడు ఎంత కిందికి దిగుతుందో కూడా చూసుకోండి. కొన్ని పెట్టెల్లో తాడు పొడుగు తగ్గించి ఉంచుతారు. పంజా బొమ్మల కుప్ప పై వరసని తాకుతుందే గానీ లోతుకి దిగదు. అలాంటిచోట గోతిలో ఉన్న బొమ్మ మీద ఎన్ని ఆటలు పెట్టినా దండగే.

ఇక పంజా తిరుగుడు. తాడుకి మెలి ఉంటుంది కాబట్టి పంజా దిగేటప్పుడు కొంచెం తిరుగుతుంది. ఒక్కో పెట్టెలో ఒక్కో తీరు. పావు చుట్టు తిరిగేవి కొన్ని, దాదాపు తిరగనివి కొన్ని. రెండు మూడు ఆటలు చూస్తే ఈ పెట్టె ఎటు, ఎంత తిరుగుతుందో తెలిసిపోతుంది. దాదాపు ప్రతిసారీ ఒకే రకంగా తిరుగుతుంది. మూడు వేళ్ళలో ఏది ఎటువైపు దిగబోతోందో ముందే ఊహించుకోగలిగితే, మీరు సగం మంది ఆటగాళ్ళ కంటే ముందున్నట్టే.

ఎవరూ ఆడని పెట్టె అయితే? ఒక్క ఆట పరీక్ష కోసం పెట్టండి. ఆ ఆటలో బొమ్మ ఆశించవద్దు. అన్నిటికంటే సులువుగా అందే బొమ్మ మీద పంజాని దించి పైన చెప్పినవన్నీ చూడండి. పిల్లలకి కూడా ముందే చెప్పండి, "ఇది చూడ్డానికి ఆట" అని. మా పాపకి ఇప్పుడు ఈ మొదటి ఆటే ఎక్కువ ఇష్టం. "పైకెళ్ళి వదిలేసిందమ్మా, వద్దు" అని తనే తీర్పు చెబుతుంది.

ఏ బొమ్మ మీద ఆడాలి

మీకు నచ్చిన బొమ్మ మీద కాదు, వచ్చే బొమ్మ మీద ఆడాలి. పిల్లలకి ఇది ఒప్పించడం కష్టం. అయినా నెమ్మదిగా చెప్పండి.

వచ్చే బొమ్మ ఎలా ఉంటుందంటే, కుప్ప పైన పడుకుని ఉంటుంది, దాని మీద మరొకటి ఎక్కి ఉండదు, చేతులూ కాళ్ళూ పక్క బొమ్మల మధ్య ఇరుక్కుని ఉండవు. కన్నానికి దగ్గరలో ఉంటుంది. పెట్టె ఎదురుగా నిలబడితే చాలావాటిలో కన్నం ముందువైపు మూలన, ఎక్కువగా ఎడమన ఉంటుంది. మోయాల్సిన దూరం తగ్గేకొద్దీ జారే అవకాశం తగ్గుతుంది కాబట్టి దగ్గరి బొమ్మే మంచిది. కొత్తగా నింపిన పెట్టెలో బొమ్మలు సంతలో బస్తాలు పేర్చినట్టు వత్తుగా కూర్చుని ఉంటాయి. వేళ్ళు దూరడానికి సందుండదు. వాటి జోలికి పోకండి. కొంత ఆట జరిగి కుప్ప చెదిరిన పెట్టె కావాలి.

బొమ్మ ఆకారం చూడండి. తలకీ పొట్టకీ మధ్య సన్నటి మెడ ఉన్నవి, చేతులు బయటికి చాచి ఉన్నవి పంజాకి బాగా చిక్కుతాయి. వేలు చంక కింద దూరితే బొమ్మ బరువే దాన్ని వేలికి తగిలిస్తుంది, బలం తక్కువున్నా నిలుస్తుంది. గుండ్రటి బంతులు, నున్నటి ప్లాస్టిక్ డబ్బాలు జారిపోతాయి. తల పెద్దగా ఉన్న బొమ్మకి బరువంతా తల వైపు ఉంటుంది. అలాంటిదాన్ని నడుము దగ్గర పడితే తలకిందులై జారుతుంది. తలకి దగ్గరగా, మెడ దగ్గర పట్టాలి. మావయ్య మాటల్లో చెప్పాలంటే, "బరువెక్కడుందో అక్కడ పట్టు, మధ్యన కాదు."

సెల్‌ఫోన్ పెట్టె, వాచీ, నోట్లు చుట్టిన కట్ట లాంటివి పైన పెట్టిన గాజు పెట్టెలు కనిపిస్తాయి. నేను వాటి మీద ఒక్క ఆట కూడా ఆడను, మీరు కూడా ఆడవద్దని గట్టిగా చెబుతాను. ఒకచోట ఫోన్ పెట్టె వెడల్పు పంజా పూర్తిగా తెరుచుకున్నప్పటి వెడల్పు కంటే ఎక్కువని గాజులోంచి వేళ్ళతో కొలిచి చూశాను. వేళ్ళు దాన్ని చుట్టుకునే వీలే లేదు. అయినా ఒక కుర్రాడు అప్పటికే దాని మీద పది ఆటలు ఆడేశాడు. చెబితే ఆగాడు.

చేత్తో చేసే పని

ఇప్పుడు కార్డు గీకండి. తెర మీద అంకెలు తగ్గుతూ వస్తాయి, అది మీకున్న టైం. అది అయిపోతే మీరు బటన్ నొక్కకపోయినా పంజా ఉన్నచోటే దిగిపోతుంది. ఆ టైంలో సగంలోపే పంజాని బొమ్మ దగ్గరికి తీసుకుపోండి, మిగతా సగం సర్దుకోడానికి ఉంచుకోండి. ముందు కుడి ఎడమల లెక్క పూర్తి చేయండి. ఎదురుగా నిలబడితే అది సరిగ్గానే కనిపిస్తుంది. తర్వాత ముందు వెనకల లెక్క.

కళ్ళు మోసపోయేది ఈ ముందు వెనకల దగ్గరే. ఎదురు నుంచి చూస్తే పంజా బొమ్మ మీదే ఉన్నట్టుంటుంది, దిగాక నాలుగు వేళ్ళంత దూరం వెనక పడుతుంది. కాబట్టి జాయ్‌స్టిక్ వదిలి పక్క గాజు దగ్గరికి ఒక అడుగు వేసి చూడండి. పెట్టెలు వరసగా పక్కపక్కన ఉన్నచోట పక్క గాజు మూసుకుపోతుంది, అందుకే వరస చివరి పెట్టె ఎంచుకోవడం మేలు. కొన్నింటికి వెనక గోడ అద్దం ఉంటుంది, దాంట్లో పంజా, బొమ్మ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. అన్నిటికంటే మంచిది ఇంట్లోవాళ్ళని పక్కన నిలబెట్టడం. మా ఇంట్లో ఆ పని మావయ్యది. "ముందుకి... ఇంకొంచెం... చాలు!" ఓడ గోతిలో సరుకు సరిగ్గా కనిపించనప్పుడు పైనుంచి చెయ్యి ఊపి సైగలు చేసే మనిషి ఒకడుంటాడట. క్రేన్ మనిషి అతని చెయ్యినే నమ్ముతాడట. మేం చేసేది అదే.

ఇప్పుడు ఊపు. ఎక్కువమంది ఇక్కడే ఆట పోగొట్టుకుంటున్నారు కాబట్టి నెమ్మదిగా చదవండి. మీరు జాయ్‌స్టిక్ వదలగానే పైన బండి ఆగుతుంది. తాడుకి వేలాడే పంజా ఆగదు, గడియారం లోలకంలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఊగుతుండగా బటన్ నొక్కితే ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. టైం ఉంటే ఊపు దానంతటదే ఆగేదాకా చూడండి. టైం లేకపోతే మావయ్య నేర్పిన పద్ధతి ఇది. పంజా ఒకవైపు ఊగి, ఆ చివరకి చేరి, వెనక్కి తిరగబోయే క్షణం ఉంటుంది. సరిగ్గా అప్పుడు జాయ్‌స్టిక్‌ని అదే వైపు ఒక్క చిటికె తోసి వదిలేయండి. బండి వెళ్ళి పంజా తలమీద నిలబడుతుంది, ఊపు చచ్చిపోతుంది. ఎటు ఊగితే దానికి ఎదురు లాగాలని మన చేతికి అనిపిస్తుంది. అలా లాగితే ఊపు ఇంకా పెరుగుతుంది. "సరుకు వెనకాల నువ్వెళ్ళాలి, సరుకుని నీ వెనక్కి లాగకూడదు" అనేవారు మావయ్య. పోర్టులో ఈ తప్పు చేస్తే దోసిలి ఓడ గోడకి కొట్టుకుంటుంది. ఇక్కడ నష్టం ఒక ఆటే, అయినా చెయ్యికి నేర్పాల్సింది అదే. ఆ చిటికె తోపు వల్ల పంజా ఉన్న చోటు కొంచెం మారుతుంది కాబట్టి, అనుకున్నచోటికి ఒక రవ్వ ముందే ఆపి అప్పుడు తోయడం ఇంకా మంచి పద్ధతి. నాకు ఇది చేతికి రావడానికి ఓ ఇరవై ఆటలు పట్టింది.

పంజా నిశ్చలంగా ఉంది, తిరుగుడు లెక్క వేసుకున్నారు, రెండు వేళ్ళు మెడకి చెరోపక్క, మూడోది వీపు వెనక దిగేలా ఉంది. బటన్ నొక్కండి. కొన్ని పెట్టెల్లో పంజా దిగుతుండగా బటన్ మళ్ళీ నొక్కితే అక్కడికక్కడే మూసుకుంటుంది. పై వరస బొమ్మని పట్టేటప్పుడు ఇది ఉపయోగం. పంజా మరీ కిందికి దిగిపోయి తాడు వదులై పక్కకి వాలిపోకుండా ఆపుతుంది. ఈ వీలు ఉందో లేదో మీ పరీక్ష ఆటలోనే చూసుకోండి.

పట్టు మెత్తగా ఉన్న పెట్టెలో, కన్నం పక్కన బొమ్మ ఉంటే, ఎత్తే ప్రయత్నమే మానేయండి. దొర్లించండి. బొమ్మకి కన్నానికి దూరంగా ఉన్న చివర మీద పంజాని దించితే, మూసుకుని లేచేటప్పుడు ఆ చివర లేచి బొమ్మ కన్నం వైపు పొర్లుతుంది. ఒక ఆటలో పడకపోవచ్చు, రెండో ఆటకి అంచు మీదకి వస్తుంది, మూడోదానికి పడుతుంది. మోసే బలంతో పనిలేదు కాబట్టి, ఎత్తి మోయని పెట్టెల్లో కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది. మా ఇంట్లో ఉన్న తొమ్మిది బొమ్మల్లో నాలుగు ఇలా దొర్లి వచ్చినవే.

పెట్టెని కుదపడం, గాజు మీద కొట్టడం, కన్నంలోంచి చెయ్యి పెట్టి లాగడం చేయకండి. చాలావాటికి కదిపితే ఆట ఆపేసే సెన్సార్ ఉంటుంది. మరో ముఖ్యమైన మాట, చిన్న పిల్లల్ని బొమ్మ బయటికి తీసుకునే తలుపు దగ్గర ఒంటరిగా వదలకండి. కన్నం లోంచి పాక్కుంటూ పెట్టెలోకి వెళ్ళిపోయి ఇరుక్కున్న పిల్లల సంగతులు చాలా దేశాల నుంచి వచ్చాయి. రెండు మూడేళ్ళ పిల్లలు ఆ సందులో సులువుగా పడతారు.

డబ్బు సంగతి

మన దగ్గర చాలా గేమ్ జోన్లలో నాణేలు కాదు, రీచార్జ్ కార్డు. కార్డు గీకితే డబ్బు పోతున్నట్టే అనిపించదు, అదే దాని ఇబ్బంది. అందుకని క్లా మెషిన్‌కి ఎంత పెట్టాలో ముందే తేల్చుకుని అంతే వేయించండి. నా లెక్క ఇలా ఉంటుంది. అదే సైజు బొమ్మ పూర్ణా మార్కెట్ వైపు షాపుల్లో ఎంతకి దొరుకుతుందో చూసుకుంటాను. అంతకి మించి ఒక్క రూపాయి కూడా ఆ బొమ్మ మీద పెట్టను. 250 అనుకోండి, ఆట 50 అయితే అయిదు ఆటలు. అయిదూ పోతే పోయాయి. "ఇంత పెట్టాక ఇప్పుడు వదిలేస్తే ఎలా" అన్న మాట మనసులో వస్తే అదే ఆపాల్సిన గుర్తు. ఇంతకుముందు వాళ్ళు చాలాసార్లు ఓడిపోయారు కాబట్టి ఇప్పుడు రావాలి అన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. కొన్ని పెట్టెల్లో లెక్క అలాగే నడుస్తుంది, కొన్నింట్లో నడవదు, బయటి నుంచి తేడా కనిపించదు.

రీచార్జ్ చేయించేటప్పుడే కౌంటర్‌లో రెండు ప్రశ్నలు అడగండి. మిగిలిన బ్యాలెన్స్ వెనక్కి ఇస్తారా? ఇవ్వకపోతే ఎన్నాళ్ళు పనిచేస్తుంది? ఓసారి నేను అడగకుండా వేయించిన 300 రూపాయలు తర్వాత వెళ్ళేసరికి గడువు దాటిపోయింది. అప్పటి నుంచి బిల్లు వెనక రాసుకుని పర్సులో పెడుతున్నాను.

బొమ్మ కన్నం అంచు మీద ఇరుక్కుంటే, పంజా దిగకుండా ఆగిపోతే, బొమ్మ పడినా తలుపు తెరుచుకోకపోతే, అక్కడి నుంచి కదలకండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసి, పక్కవాళ్ళతో అక్కడ పనిచేసే కుర్రాడిని పిలిపించండి. గొంతు పెంచాల్సిన అవసరం లేదు. "తమ్ముడూ, ఇది ఇలా ఆగిపోయింది, ఒకసారి చూడవా" అంటే చాలామంది తాళం తీసి బొమ్మ ఇచ్చేస్తారు, లేదా ఒక ఆట ఉచితంగా ఇస్తారు. ఖాళీ ఉన్నప్పుడు "ఆ బొమ్మ మరీ ఇరుక్కుంది, కొంచెం సర్దుతావా" అని అడగడంలోనూ తప్పులేదు. జపాన్‌లో సిబ్బందిని ఇలా అడగడం మామూలు సంగతే. ఒకచోట మాత్రం అంచు మీద నిలిచిన బొమ్మని ఇవ్వడం కుదరదన్నారు, మా పాప ఏడుస్తూనే ఇంటికొచ్చింది. ఆ రోజు నేను ఫొటో తీయలేదు, పెట్టె దగ్గర నుంచి కౌంటర్‌కి నడిచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇంకొకరు ఆడేశారు. అందుకే కదలవద్దని అంత గట్టిగా చెబుతున్నాను.

బొమ్మ ఇంటికొచ్చాక

గెలిచిన సంతోషంలో పిల్లలు దారిలోనే బొమ్మని ముద్దులు పెట్టేస్తారు. అది ఎన్నాళ్ళ నుంచి ఆ గాజు పెట్టెలో ఉందో, ఎన్నిసార్లు ఆ ఇనుప వేళ్ళు దాన్ని నొక్కాయో ఆలోచించండి. ముందు కుట్లు చూడండి. పంజా గుచ్చుకున్నచోట కుట్టు ఊడి దూది బయటికి వస్తుంటే సూదీ దారంతో అప్పుడే వేసేయండి. కళ్ళు, ముక్కు గుండీల్లా ఉంటే లాగి చూడండి, ఊడేలా ఉంటే మూడేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. లేబుల్ మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మలకి ఆ గుర్తు తప్పనిసరి. గుర్తు లేని బొమ్మ చంటిపిల్లల చేతికి ఇవ్వను నేను, అటక మీద పెడతాను.

తర్వాత గోరువెచ్చని నీళ్ళలో కొంచెం షాంపూ వేసి ముంచి, మెత్తగా పిండి, రెండుసార్లు జాడించండి. మెలిపెట్టి పిండితే లోపలి దూది గడ్డలు కడుతుంది. ఆరబెట్టడం దగ్గర మన ఊరి సంగతి గుర్తుంచుకోవాలి. సముద్రపు గాలికి బొమ్మ పైన ఆరినట్టే ఉంటుంది, లోపల తడిగానే ఉంటుంది. మా మొదటి కుందేలు అలాగే ముక్కిపోయిన వాసన వేసింది. డాబా మీద తీగకి చెవులు పట్టి క్లిప్పులు పెట్టండి, మధ్యాహ్నానికి తిప్పండి, సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చి, మర్నాడు మళ్ళీ ఎండలో వేయండి. రెండో రోజు పొట్ట గట్టిగా నొక్కి చూసి, వేళ్ళకి చల్లగా తగలకపోతే అప్పుడు పాపకి ఇవ్వండి.